వెనిస్‌లో ఒక్కరే నడిచి తిరగాలంటే: చిరునామాలు, వంతెనలు, నవంబరు నీళ్లు

తూర్పుగాలి
నవంబరు మూడో వారంలో వెనిస్ వెళ్తున్నాను, ఒక్కదాన్నే. ఊరంతా కాళ్లతోనే తిరగాలని కోరిక. బస ఇచ్చేవాళ్లు పంపిన చిరునామాలో "కస్తెల్లో" అని ఉంది, పక్కన ఐదు వేల పైచిలుకు నంబరు, అంతే. వీధి పేరే లేదు. మ్యాపులో కొడితే ఒక్కోసారి ఒక్కో చోటు చూపిస్తోంది. ఐదు వేల ఇళ్లున్న వీధా అది? పైగా ఆ నెలలో ఊళ్లోకి నీళ్లొస్తాయంటున్నారు, పొద్దు త్వరగా గూకుతుందంటున్నారు. రైలు దిగిన దగ్గర్నుంచి ఎలా నడవాలో, ఎక్కడ ఏం జాగ్రత్త పడాలో తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. "ఊరికే దారి తప్పండి, అదే అందం" అన్న సలహా బోలెడు చోట్ల చదివాను. అది మాత్రం వద్దు.

కాలిబాట
కస్తెల్లో అంటే వీధి కాదండి, పేట. పాత వెనిస్‌లో అలాంటి పేటలు ఆరు: సాన్ మార్కో, కస్తెల్లో, కన్నరేజో, దొర్సొదూరో, సాన్ పోలో, సాంతా క్రోచె. ఇంటి నంబర్లు వీధివారీగా కాకుండా పేట మొత్తానికి ఒకే వరసలో వేశారు. 19వ శతాబ్దంలో, ఆస్ట్రియా ఏలుబడిలో వచ్చిన పద్ధతి. సాన్ మార్కో పేటలో 1వ నంబరు డోజ్ (పాత వెనిస్ పాలకుడి) ప్యాలెస్‌ది, అక్కణ్ణుంచి సందులన్నీ చుట్టుకుంటూ ఐదు వేలు దాటిపోతుంది. కస్తెల్లోలో ఆరు వేలు కూడా దాటుతుంది. వరస సందులోకి దూరి బయటికొచ్చి కాలవ దాటి పోతుంది కాబట్టి పక్కపక్క గుమ్మాలకి వందల తేడా ఉన్నా కంగారు పడకండి.

కస్తెల్లోలో ఐదు వేల పైన నంబరంటే చాలావరకు సాంతా మరియా ఫొర్మోజా, సాన్ లియో చుట్టుపక్కల ఉంటుంది, రియాల్తో వంతెన వైపు. మంచి చోటే. ఇంటివాళ్లని మూడు అడగండి: సందు పేరు, దగ్గర్లో ఉన్న కాంపో (చిన్న మైదానం) పేరు, వపొరెత్తో (ఊరి నీటి బస్సు) దిగాల్సిన రేవు పేరు. ఈ మూడూ లేకుండా నంబరొక్కటే పట్టుకుని బయల్దేరకండి.

మెస్త్రే_మావయ్య
పైన చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో చిక్కుంది. సందు పేరొక్కటే ఉన్నా చాలదు. కాల్లె దెల్ ఫోర్నో, అంటే రొట్టెల బట్టీ సందు, ఊళ్లో చాలా ఉన్నాయి. ప్రతి పేటలోనూ బట్టీ ఉండేది కదా. పురోహితుల సందులూ అంతే. పేట, నంబరు, సందు మూడూ కలిస్తేనే చిరునామా.

సంచారి_సీమ
ఇంత ఖర్చు పెట్టి ఊరి మధ్యలో బస ఎందుకు? నేల మీదున్న మెస్త్రేలో సగం ధరకే దొరుకుతుంది, రైల్లో పది నిమిషాలు.

మెస్త్రే_మావయ్య
నేనుండేది మెస్త్రేలోనే, అయినా వద్దంటాను. నడవడానికి వచ్చేవాళ్లకి వెనిస్‌లో బంగారంలాంటి సమయం పొద్దున ఎనిమిదిన్నర లోపు, రాత్రి ఎనిమిది తర్వాత. పగటి జనం అప్పుడు ఉండరు. మెస్త్రేలో పడుకుంటే ఆ రెండు పూటలూ రైలుకే పోతాయి. డబ్బు మరీ కష్టమైతే సరే. కానీ అప్పుడు రైలు టికెట్ మీద స్టేషన్ పేరు చూసుకోండి. వెనిజియా మెస్త్రే వేరు, వెనిజియా సాంతా లూచియా వేరు. ఊళ్లోకి వెళ్లేది సాంతా లూచియా. లోకల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరున్న మెషీన్‌లో ముద్ర కొట్టించాలి, లేకపోతే జరిమానా.

తూర్పుగాలి
బస కస్తెల్లోలోనే ఖాయం. సాంతా లూచియాలో దిగి సామానుతో అక్కడిదాకా నడవొచ్చా? మ్యాపు అరగంట పైన చూపిస్తోంది.

కాలిబాట
సామానుతో వద్దు. మ్యాపు దూరం చెప్తుంది, మెట్లు చెప్పదు. ఊళ్లో నాలుగు వందలకి పైగా వంతెనలున్నాయి, దాదాపు అన్నిటికీ రెండు వైపులా మెట్లే. చక్రాల పెట్టె ప్రతి వంతెన దగ్గరా ఎత్తి, దించాలి.

మీ దారి ఇది. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా ఊరి పెద్ద కాలవ గ్రాండ్ కెనాల్, రేవు పేరు ఫెర్రొవియా. 1 గానీ 2 గానీ నంబరు వపొరెత్తో ఎక్కి రియాల్తోలో దిగండి. అక్కణ్ణుంచి కాంపో సాన్ బర్తొలొమియో. మధ్యలో నాటక రచయిత గొల్దోని విగ్రహం ఉంటుంది, గుర్తు. అక్కణ్ణుంచి సాన్ లియో మీదుగా సాంతా మరియా ఫొర్మోజా. దారిలో తగిలేవి చిన్న వంతెనలే. నింపాదిగా నడిచినా పది పన్నెండు నిమిషాలు.

స్టేషన్ పక్కన వంతెన మెట్ల దగ్గర "సామాను మోస్తాం" అని మీద పడేవాళ్లుంటారు, టికెట్ మెషీన్ దగ్గర "సాయం చేస్తాం" అనేవాళ్లుంటారు. రెండూ వద్దని గట్టిగా చెప్పి కదిలిపోండి.

పైసావసూల్
వపొరెత్తో లెక్క నేను చెప్తా. ఒక్క టికెట్ 9.50 యూరోలు, 75 నిమిషాలు చెల్లుతుంది. ఒక రోజు పాస్ 25, రెండు రోజులకి 35, మూడు రోజులకి 45, వారానికి 65. అంటే ఒకే రోజు మూడోసారి ఎక్కితేనే పాస్ గిట్టుబాటు. నడిచేవాళ్లకి అక్కర్లేదు: వచ్చిన రోజు ఒకటి, పోయే రోజు ఒకటి. మురానో, బురానో దీవులకి వెళ్లే రోజుకి మాత్రం ఒక రోజు పాస్ తీసుకోండి. వయసు 29 లోపయితే రోలింగ్ వెనిస్ కార్డు 6 యూరోలు, దాని మీద మూడు రోజుల పాస్ 27కే ఇస్తారు. వెళ్లే ముందు ధరలు మళ్లీ చూసుకోండి, ఏటా కదులుతున్నాయి.

టికెట్ కొంటే చాలదు, రేవు దగ్గర తెల్ల రీడర్‌కి తాకించాలి. పాస్ ఉన్నా ప్రతిసారీ తాకించాలి.

నీలిగొడుగు
గొండొలా పడవ సంగతి? ఒక్కరికి ఎంత?

పైసావసూల్
మనిషికి కాదు, పడవకి. పగలు అరగంటకి 90, రాత్రి ఏడు తర్వాత 110. ఒక్కరు ఎక్కినా అంతే, ఐదుగురు ఎక్కినా అంతే. ఒంటరిగా వెళ్లేవాళ్లకి నా సలహా త్రగెత్తో. అదీ గొండొలానే, ఆర్భాటం ఉండదు, గ్రాండ్ కెనాల్‌ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటిస్తుంది, 2 యూరోలు. చిల్లర చేతిలో పెట్టుకోండి. సాంత సొఫియా రేవు నుంచి రియాల్తో చేపల మార్కెట్ ఒడ్డుకి వెళ్లేది అన్నిట్లోకీ నమ్మకమైనది. పొగమంచు, పెద్ద పోటు ఉన్న రోజు తిరగవు.

కాలిబాట
త్రగెత్తో మురిపానికే కాదు, నడక లెక్కలో కూడా ముఖ్యం. గ్రాండ్ కెనాల్ దాదాపు నాలుగు కిలోమీటర్లు, దాని మీద వంతెనలు నాలుగే: పియజ్జాలె రోమా దగ్గర 2008లో కట్టిన కలత్రావా వంతెన, స్టేషన్ ముందు స్కాల్జి, మధ్యలో రియాల్తో, కింద అకదెమియా. స్కాల్జి నుంచి రియాల్తోదాకా మధ్యలో దాటడానికి ఒక్క వంతెన లేదు. కాలవ అవతల కళ్లెదుట కనపడే చోటికి వంతెన వెతుక్కుంటూ అరగంట చుట్టు తిరగాల్సి రావచ్చు. రోజు దారి వేసుకునేటప్పుడు మొదట "ఎక్కడ దాటతాను" అని చూసుకోండి.

పటంచూపు
ఇంత హైరానా ఎందుకండీ. ఫోన్లో మ్యాపు దింపుకుంటే చాలు, నీలిచుక్క వెంట పోవడమే.

కాలిబాట
ఒప్పుకోను. అక్కడ కొన్ని సందులు చేతులు చాస్తే రెండు గోడలూ తగిలేటంత ఇరుకు. మూడు నాలుగు అంతస్తుల గోడల మధ్య ఆకాశం సన్నటి చీలికలా కనపడుతుంది, జీపీఎస్‌కి ఉపగ్రహాలు అందవు. నీలిచుక్క పక్క సందులోకో కాలవ మధ్యలోకో దూకుతుంది. అక్కడ ఒక సందు తేడా అంటే ఒక వంతెన తేడా, వెనక్కి రావాల్సిందే. ఫోన్ వద్దనట్లేదు. కాంపోలోకి వచ్చాక చూడండి, తెరిపి ఉంటుంది కాబట్టి చుక్క నిలబడుతుంది. అక్కణ్ణుంచి తర్వాతి కాంపో పేరు మనసులో పెట్టుకుని గోడలు చదువుకుంటూ నడవండి.

గోడల మీద తెల్ల సున్నం పట్టీ, నల్ల అంచు, లోపల నల్ల అక్షరాలు ఉంటాయి. వాటిని నిజియొలెతి అంటారు. సందు పేరు మొదటి మాటే ఆ దారి ఎక్కడ తేలుతుందో చెప్పేస్తుంది:

కాల్లె అంటే మామూలు సందు. సలిజాద అంటే ముందుగా రాళ్లు పరిచిన ముఖ్య వీధి, నమ్మి నడవొచ్చు. రియో తెరా అంటే ఒకప్పటి కాలవని పూడ్చి వేసిన బాట, వెడల్పుగా ఉంటుంది, సామానుకీ బాగు. ఫొందమెంత అంటే ఒక పక్క నీళ్లు, ఒక పక్క ఇళ్లు. సొతొపోర్తెగో అంటే ఇంటి కింద నుంచి దూరిపోయే దారి. ఎవరి ఇంట్లోకో వెళ్తున్నామేమో అనిపిస్తుంది, వెళ్లండి, దారే. కోర్తె అంటే వాకిలి, దాదాపు ఎప్పుడూ మూసుకుపోయే చోటు. రామో అంటే పిల్లసందు, చాలాసార్లు నీళ్ల దగ్గరో గోడ దగ్గరో ఆగిపోతుంది. తొందరలో ఉన్నప్పుడు కోర్తె, రామో కనపడితే తిరగకండి.

పెద్ద దారుల మీద పసుపు బోర్డులు వేరే ఉంటాయి: రియాల్తో వైపు, సాన్ మార్కో వైపు, స్టేషన్ వైపు, అకదెమియా వైపు. ఒకే చోట రెండు దిక్కులకీ రియాల్తో బాణాలు కనిపిస్తే బోర్డు తప్పు కాదు. రెండు దారులూ వెళ్తాయి.

పటంచూపు
కాంపోల్లో చూసుకోవడం మంచి ఉపాయమే, కాదనను. కానీ రాత్రిపూట చీకట్లో గోడలు చదవడం కష్టం. పగలు ఒకసారి బస నుంచి రియాల్తోదాకా నడిచి, మలుపు మలుపుకీ ఫొటో తీసుకుంటే రాత్రికి పనికొస్తుంది. వెనక్కి తిరిగి కూడా తీయాలి, వచ్చేటప్పుడు వీధి మొహం వేరుగా ఉంటుంది.

కాలిబాట
ఇది మంచి మాట.

వరంగల్_కోట
కాంపో అంటే ఏందని అడిగేటోళ్లకి: చిన్న మైదానం, మధ్యల రాతి బావి ఉంటది. దాన్ని జర దగ్గరికి పోయి చూడుండ్రి. బావి గట్టు చుట్టూ నేల కొంచెం కొంచెంగ వాలుగ ఉంటది, ఆ వాలు బొక్కలున్న రాళ్ల దగ్గర ఆగుతది. వాన నీళ్లు ఆ బొక్కలల్ల పడి కింద ఇసుకల ఇంకి, వడకట్టుకొని, మధ్యన ఉన్న బావి గొట్టంలకు ఊరేవి. కింద అంతా బంకమట్టి అద్దిన పెద్ద తొట్టి, ఉప్పునీళ్లు లోపటికి రావొద్దని. సముద్రం మధ్యల ఊరు, తాగనీకి చుక్క లేదు, వాననే పట్టుకొని బతికిన్రు. అవతలి ఒడ్డు నుంచి నల్లా నీళ్లు వచ్చింది 1884ల. మన దిక్కు చెరువులు చూసినోళ్లకి ఆ బావి కట్టడం చూస్తే కడుపు నిండుతది.

తూర్పుగాలి
ఇలాంటివే కావాలి నాకు. బావుల పక్కన ఆగి చూస్తాను. మరి ఇప్పుడు తాగే నీళ్లు?

మెస్త్రే_మావయ్య
కాంపోల్లో ఇనుప కుళాయిలుంటాయి, ఎప్పుడూ ధార పడుతూనే ఉంటుంది. అది తాగే నీరే. సీసా పట్టుకెళ్లండి, కొననక్కర్లేదు. మరుగుదొడ్డికి మాత్రం చిల్లర కావాలి, మునిసిపాలిటీవి 1.50 యూరో. కాఫీ కొట్లో కౌంటరు దగ్గర నిలబడి ఒక ఎస్ప్రెసో తాగితే దాదాపు ఆ ఖర్చులోనే కాఫీ కూడా దక్కుతుంది, కొట్టులో మరుగుదొడ్డీ వాడుకోవచ్చు. కూర్చుంటే ధర వేరు. సాన్ మార్కో మైదానంలో బ్యాండు వాయించే కాఫీ కొట్లలో కూర్చుంటే సంగీతానికి కూడా బిల్లులో వేస్తారు.

గట్టుమీద
నీళ్లొస్తాయన్న భయం గురించి ఎవరూ చెప్పలేదు. నవంబరులో అదే అసలు విషయం.

అడ్రియాటిక్ పోటు, దక్షిణం నుంచి సిరొక్కో గాలి, తక్కువ వాయుపీడనం మూడూ ఒకేసారి కుదిరితే ఊరి చుట్టూ ఉన్న ఉప్పునీటి మడుగు ఉబ్బుతుంది. అక్వా ఆల్తా అంటారు. 1966 నవంబరు 4న 194 సెంటీమీటర్లు, 2019 నవంబరు 12న 187. కానీ ఈ అంకెల్ని చూసి హడలిపోకండి. అది వీధిలో నిలిచిన నీటి లోతు కాదు. పుంత దెల్లా సలూతె దగ్గర 1897లో స్థిరం చేసిన సున్నా గీత నుంచి కొలిచిన మట్టం. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులు అంటే వీధిలో 43 అడుగుల నీళ్లున్నట్టు కాదు కదా, ఇదీ అంతే. సాన్ మార్కో మైదానం ఊళ్లో అన్నిట్లోకీ పల్లం, దాదాపు 80 దగ్గర తడవడం మొదలవుతుంది. కాబట్టి సూచన 100 అంటే అక్కడ మడమ పైదాకా, అంటే సుమారు ఒక జానెడు నీళ్లు. మిగతా ఊరిలో ఎక్కువ భాగం పొడిగానే ఉంటుంది.

2020 అక్టోబరు 3న నిజమైన పోటుని ఆపడానికి మొదటిసారి మోజె గేట్లు ఎత్తారు. లీదో, మలమొక్కో, కియొజ్జా అనే మూడు ముఖద్వారాల్లో సముద్రపు అడుగున పడుకోబెట్టిన 78 ఇనుప రెక్కలు. వాటిల్లోకి గాలి కొడితే నీళ్లు పోయి పైకి లేచి నిలబడతాయి. సూచన 110 దాటితేనే ఎత్తుతారు. అంటే ఇప్పుడు ఊరు మునగడం తప్పింది గానీ 80కి 110కి మధ్య వచ్చే పోటు ఇంకా వస్తూనే ఉంది. మీకు తగిలితే అదే తగులుతుంది.

సంచారి_సీమ
గేట్లున్నాయి కదా, బూట్లెందుకు మోయడం మరి? అక్కడ రంగురంగుల ప్లాస్టిక్ తొడుగులు అమ్ముతారు.

గట్టుమీద
బూట్లు మొయ్యమని నేననలేదు! తొడుగులు కూడా అడుగు పల్చన, రాళ్ల మీద జారతాయి, చిల్లు పడితే రెంటికీ చెడ్డ రేవడే. పోటు రోజంతా ఉండదు. గరిష్ఠం చుట్టూ మూడు నాలుగు గంటలు, తర్వాత దిగిపోతుంది. మునిసిపాలిటీ వారి పోటు సూచన యాప్‌లో గంటలవారీ గీత వస్తుంది. అది చూసి ఆ మూడు గంటలూ సాన్ మార్కో వైపు వెళ్లకుండా కన్నరేజో వైపు తిరిగితే చాలు. తప్పనిసరిగా వెళ్లాలంటే ఎత్తైన చెక్క బల్లలు వేస్తారు, వాటి మీద కుడివైపున వరసగా నడవాలి, ఫొటోకి ఆగకూడదు, వెనక జనం ఆగిపోతారు. సాన్ మార్కో బసిలికా చుట్టూ ఇప్పుడు గాజు అడ్డుగోడ ఉంది, లోపలికి నీళ్లు రావు.

ఇంకో మాట. నీళ్లు ఎక్కినప్పుడు కాలవ అంచు కనపడదు. ఫొందమెంత మీద గోడ పక్కనే నడవండి. నీళ్ల కింద గట్టు ఎక్కడ అయిపోయిందో తెలీదు.

నీలిగొడుగు
జారడం గురించి గట్టుమీద గారు చెప్పారు కాబట్టి: వంతెన మెట్ల అంచు తెల్లరాయి చూశారా, అది ఇస్త్రియా రాయి. నేల మీద బూడిద రంగువి యూగనియన్ కొండల నుంచి తెచ్చినవి, అవి గరుకు. తెల్లరాయి వందల ఏళ్ల కాళ్ల కింద నునుపెక్కి పోయింది, వాన పడితే సబ్బే. దిగేటప్పుడు అంచు మీద కాకుండా మెట్టు లోపలి భాగం మీద పాదం పెట్టండి. కాలవలోకి దిగే మెట్ల మీద పచ్చటి పాకురు ఉంటుంది. ఫొటో కోసం వాటి మీద అడుగు పెట్టకండి, ఎండ రోజున కూడా. చెప్పులకి అడుగున లోతైన గాడులుండాలి, కొత్తవి వేసుకుని వెళ్లొద్దు.

పైసావసూల్
కలత్రావా వంతెన మీద గాజు మెట్లు కూడా అంతే. తడిస్తే ఎంతోమంది పడ్డారు. కొన్ని గాజు పలకలు తీసి రాయి వేశారు కూడా.

గోదారమ్మాయి
ఒంటరి ఆడమనిషికి రాత్రి పరిస్థితి? ఇది తూర్పుగాలి గారు మొహమాటపడి అడగలేదేమో, నేనడుగుతున్నా.

మెస్త్రే_మావయ్య
మోటారు బండ్లు లేని ఊరు కాబట్టి రోడ్డు ప్రమాదం లేదు. దాడుల భయం పెద్దగా లేదు. జేబుదొంగలు మాత్రం ఖాయం. రియాల్తో వంతెన మీద, 1వ నంబరు వపొరెత్తోలో, స్టేషన్ రేవులో. వపొరెత్తోలో వీపు సంచి తీసి ముందు పెట్టుకోవాలి. అది దొంగల కోసం ఒకటి, పక్కవాళ్లకి తగలకుండా రెండోది.

రాత్రి నిర్మానుష్యంగా ఉంటుంది, మన అడుగుల చప్పుడు మనకే వినపడుతుంది. భయంగా అనిపిస్తుంది గానీ భయపడాల్సింది దారి తప్పడం గురించే. పొద్దు మూడో వారంలో నాలుగున్నరకే గూకుతుంది. పేరు తెలియని సందులు పగలు చూడండి, చీకటి పడ్డాక స్త్రాద నోవా, సాన్ లియో, మెర్చెరియె లాంటి కొట్లున్న దారులే పట్టుకోండి. అర్ధరాత్రి దాటాక ఎన్ అనే వపొరెత్తో తిరుగుతుంది. అత్యవసరం 112.

పటంచూపు
ఫోన్ చార్జింగ్ కూడా. చలికి బ్యాటరీ త్వరగా పోతుంది. బస చిరునామా, దారి కాగితం మీద రాసి కోటు జేబులో పెట్టుకోండి. మ్యాపు మనిషినైనా ఈ మాట చెప్తా.

గోదారమ్మాయి
శాకాహారమైతే?

మెస్త్రే_మావయ్య
బాకరో అని నిలబడి తినే చిన్న కొట్లు, అద్దాల పెట్టెలో చిక్కెత్తి ఉంటాయి, రొట్టెముక్క మీద ఏదో ఒకటి పెట్టి. ఒంటరి మనిషికి హోటల్ కంటే ఇవే హాయి, బల్ల వెతుక్కోనక్కర్లేదు. తెల్లగా వెన్నలా ఉండేది బక్కలా మంతెకాతో, అది ఎండు చేప. సావోర్ అన్నది సార్డీన్ చేప ఉల్లిపాయల్లో ఊరేసింది. మొజ్జరెల్లా ఇన్ కరొజ్జా చీజే కదా అని తీసుకోకండి, చాలా చోట్ల లోపల ఆంచొవీ చేప పెడతారు. "సెంజా అచ్చూగె" అని అడగండి. త్రమెజ్జీని అనే మెత్తటి శాండ్‌విచ్‌లలో పుట్టగొడుగులవి, గుడ్డు తినేవాళ్లకి గుడ్డు-ఆస్పరాగస్‌వి దొరుకుతాయి.

సంచారి_సీమ
ఆవకాయ సీసా పెట్టుకుంటే ఏ ఊరైనా మన ఊరే :)

మెస్త్రే_మావయ్య
ఆవకాయ పర్వాలేదు. దాని పక్కన నెయ్యి సీసా, పాలకోవా వద్దు. పాలతో చేసినవి, మాంసం బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి సొంత సామానులో తేనివ్వరు. విమానాశ్రయంలో తీసేస్తారు.

తూర్పుగాలి
చాలా విషయాలు తేలాయి. ఇంకో రెండు. ఊళ్లోకి వచ్చినందుకు ప్రవేశ రుసుము కట్టాలంటున్నారు, నిజమేనా? మూడో వారంలో ప్రత్యేకంగా చూడాల్సింది ఏమైనా ఉందా?

పైసావసూల్
నిజమే గానీ మీకు తగలదు. 2024లో మొదలైంది, పగటిపూట వచ్చి పోయేవాళ్లకి, ఎంచిన రోజుల్లో, ఉదయం 8:30 నుంచి సాయంత్రం 4 వరకు. 2024, 2025లో ఆ రోజులన్నీ ఏప్రిల్-జులై మధ్యే. రాత్రి బస చేసేవాళ్లకి రుసుము లేదు, కానీ ఆ రోజుల్లో వెళ్తే మినహాయింపు క్యూఆర్ కోడ్ ముందే తీసుకోవాలి. ఏటా తేదీలు మారతాయి, అధికారిక సైటులో చూసుకోండి. బస మీద వేసే పర్యాటక పన్ను వేరు, అది ఇంటివాళ్లకే కడతారు.

గట్టుమీద
మూడో వారం అంటే అదృష్టం. నవంబరు 21 సలూతె పండుగ. 1630-31లో మహమ్మారి ఊరిని ఊడ్చేసింది, ఆపమని మొక్కుకుని కట్టిన గుడి సాంతా మరియా దెల్లా సలూతె. ఆ మొక్కు ఇప్పటికీ తీరుస్తున్నారు. సాంతా మరియా దెల్ జీలియో దగ్గర నుంచి గ్రాండ్ కెనాల్ మీద కొన్ని రోజులకి తాత్కాలిక వంతెన వేస్తారు. ఊరి జనం కొవ్వొత్తులు కొనుక్కుని ఆ వంతెన మీదుగా గుడికి నడిచి వెళ్తారు. మిగతా ఏడాదంతా లేని దారి అది. పైన కాలిబాట గారు చెప్పిన నాలుగు వంతెనల లెక్క ఆ కొద్ది రోజులూ ఐదు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి వరస పెరుగుతుంది. పర్యాటకుల కోసం పెట్టిన తంతు కాదు, ఇళ్లలోవాళ్లు ముసలివాళ్లని చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. ఫొటోల కంటే వరసలో నిలబడి నడవడం మేలు.

వరంగల్_కోట
నాదొక్క కోరిక. మీ బస నుంచి పది నిమిషాలల్ల సాన్ జొవాన్ని గ్రిజొస్తొమో చర్చి ఉంటది, దాని వెనుక సొతొపోర్తెగో దాటితే కోర్తె సెకొంద దెల్ మిలియోన్. మార్కో పోలో ఇంటోళ్లు ఉన్న జాగ అదే. ఇల్లు 1596ల కాలిపోయింది, ఆ జాగ మీదనే పక్కన మలిబ్రాన్ థియేటర్ లేచింది. వాకిట్ల పాత రాతి కమాను మిగిలింది, జంతువుల బొమ్మలు చెక్కి ఉంటయి, తల ఎత్తి చూడాలె. ఆ మనిషి 1271ల ఊరు విడిచి 1295ల తిరిగొచ్చిండు. తన పుస్తకంల ముత్ఫిలి అని ఒక రాజ్యం రాసిండు, ఒక రాణి చక్కగ ఏలుతున్నదని, వజ్రాలు, సాలెపురుగు గూడు అంత సన్నని బట్టలు దొరుకుతయని. చరిత్రకారులు ముత్ఫిలి అంటే మోటుపల్లి రేవు, రాణి అంటే మన రుద్రమదేవి అని చెప్తరు. గణపతిదేవుడు సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లే అది. అందరు సాన్ మార్కో దగ్గర ఫొటోలు దిగి పోతరు, ఈ వాకిట్ల మన దిక్కు మనిషి ఆగాలె.

కాలిబాట
కోర్తె అంటే మూసుకుపోతుందన్నాను కదా, ఇది మినహాయింపు. ఆ వాకిలి నుంచి ఇంకో సొతొపోర్తెగో బయటికి పోతుంది, మలిబ్రాన్ ముందు తేలతారు.

నీలిగొడుగు
పై నుంచి చూడాలనుకుంటే సాన్ మార్కో గోపురం దగ్గర వరసలో నిలబడకండి. సాన్ జకరియా రేవు నుంచి 2 ఎక్కితే ఒక్క స్టాపు, సాన్ జోర్జో మజ్జోరె దీవి. అక్కడి గంటల గోపురానికి లిఫ్టు ఉంది, జనం తక్కువ, సాన్ మార్కో కూడా ఆ దృశ్యంలోనే ఉంటుంది. రియాల్తో దగ్గర ఫొందకో దెయ్ తెదెస్కి మేడ మీదికి ఉచితంగా ఎక్కొచ్చని పాత వ్యాసాల్లో ఉంటుంది. ఆ దుకాణం 2025లో మూతపడింది, నమ్ముకోకండి.

తూర్పుగాలి
ఇంటివాళ్లకి రాశాను, సందు పేరు, కాంపో పేరు పంపారు. కాలిబాట గారు చెప్పినట్టు ఫొర్మోజా పక్కనే. తిరుగు ప్రయాణం పొద్దున్నే రైలు, ఐదున్నరకి బయల్దేరాలి. అప్పుడు వపొరెత్తో దొరుకుతుందా?

మెస్త్రే_మావయ్య
దొరుకుతుంది. రియాల్తోలో 1 ఆ వేళకి మొదలవుతుంది, అయితే బోట్ల మధ్య వ్యవధి ఎక్కువ. ముందురోజు రాత్రే రేవు దగ్గర బోర్డు చూసుకోండి. అదే రేవుకి రెండు మూడు తేలుడు వేదికలుంటాయి, పైన అక్షరాలు రాసి ఉంటాయి. స్టేషన్ వైపు వెళ్లేది ఏ అక్షరం దగ్గర ఆగుతుందో గుర్తు పెట్టుకోండి, తెల్లవారుజామున ఎదురు వేదిక మీద నిలబడితే బోటు కళ్లముందే పోతుంది. దట్టమైన పొగమంచు ఉంటే ఆలస్యం అవుతాయి, కొన్ని దారి మారతాయి. అందుకని రైలుకి గంటంబావు ముందే ఇల్లు వదలండి.

కాలిబాట
పొగమంచు మరీ ఎక్కువై బోట్లు ఆగిపోతే నడకే. సాన్ బర్తొలొమియో, సాన్ జొవాన్ని గ్రిజొస్తొమో, కాంపో సాంతి అపొస్తొలి, స్త్రాద నోవా, గూల్యె వంతెన, లిస్తా ది స్పాన్యా, స్టేషన్. ఆ వేళకి దారంతా ఖాళీ, పసుపు బోర్డు మీద "ఫెర్రొవియా" అని చూసుకుంటూ పోవడమే. సామానుతో నలభై ఐదు, యాభై నిమిషాలు వేసుకోండి. గూల్యె వంతెన ఒక్కటే కాస్త ఎత్తు. దాని మెట్లు వెడల్పుగా, తక్కువ ఎత్తులో ఉంటాయి. పెట్టెని వెనక్కి కాకుండా పక్కన పట్టుకుని ఒక్కో మెట్టు ఎక్కించండి.